చుక్కంత చెవి ముక్క

2016 ఆగస్టు పదకొండు, గురువారం. ఆ మధ్యాహ్నం కమిటీ గదిలో మాకు పాస్టీలు పెట్టారు. మామూలుగా అయితే అంచులు ఎండిపోయిన శాండ్‌విచ్‌లే దిక్కు. ఆ రోజు ఎవరికి మంచి బుద్ధి పుట్టిందో గానీ మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ కూరి కాల్చిన పాస్టీలు పొగలు కక్కుతూ వచ్చాయి. మా తాతలు రాగి గనుల్లోకి దిగేటప్పుడు జేబులో పెట్టుకున్న తిండి అది. టమాటా సాస్ పోసుకుని సగం తిన్నాను. మిగతా సగం పళ్ళెంలోనే చల్లారిపోయింది. అప్పటికే నేను నోరు తెరిచి, "నేనైతే ఇప్పుడే సరే అనలేను" అనేశాను.

అది అడిలైడ్‌లో ఒక వైద్య పరిశోధన సంస్థ. అక్కడ జంతువుల మీద ఏ పని చెయ్యాలన్నా ముందు మా కమిటీ ఒప్పుకోవాలి. కమిటీలో శాస్త్రవేత్తలు, పశువైద్యుడు, జంతువుల బాగు చూసే సంఘం మనిషి ఉంటారు. వీళ్ళతో పాటు ఏ ప్రయోగశాలతోనూ సంబంధం లేని బయటి మనిషి ఒకరు ఉండి తీరాలి. ఆ బయటి మనిషిని నేను. పేరు నెవిల్ పాస్కో. హైస్కూల్లో భూగోళం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా కమిటీలో చేతులెత్తి లెక్క పెట్టడం లేదు. అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకోవడమే. ఒక్కరు ఆగితే పని ఆగుతుంది.

ఆ రోజు మా ముందున్నది డాక్టర్ వెస్నా పని. పసిపిల్లల మూత్రపిండాలు పాడుచేసే ఒక జబ్బు మీద ఆవిడ చిట్టెలుకలతో పరిశోధన చేస్తోంది. ఎలుక పిల్లలు తల్లిపాలు మానే వేళకి ఒక్కొక్కదాని తోక కొస రవ్వంత కత్తిరించి పరీక్షకి పంపుతారు. ఏ పిల్లకి జబ్బు జన్యువు వచ్చిందో, ఏ పిల్లకి రాలేదో తెలిసేది అలాగే. ఆ అనుమతికి గడువు తీరిపోతోంది, మళ్ళీ ఇవ్వాలి. "నొప్పి తెలియకుండా ముందు మత్తు క్రీము రాస్తాం" అని అందులో రాసి ఉంది. చదివితే ముచ్చటగానే ఉంది.

కానీ ఆ ఉదయమే వరండాలో ఆనలీస్ నన్ను పట్టుకుంది. ఎలుకల గదులు చూసుకునే అమ్మాయి. ఒకప్పుడు తొమ్మిదో తరగతిలో నా దగ్గర నదుల పేర్లు అప్పజెప్పింది. ఇప్పుడు ముప్పై దాటింది. "నెవిల్ అని పిలువమ్మా" అంటే "అలాగే సార్" అంటుంది.

"సార్, ఆ తోకల కాగితం మళ్ళీ అలాగే పాసైతే నేను ద్రాక్షతోటల ఊరు తనుండాకి వెళ్ళిపోతాను. మామయ్య వైన్ కౌంటర్లో మనిషి కావాలిట."

"వైన్ రుచి చూపిస్తావా? నీకు అసలు వైనే పడదుగా."

"పడకపోతే ఇంకా మంచిది, సరుకు మిగులుతుంది." నవ్వింది గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "క్రీము రాస్తున్నాం సార్, రాయట్లేదని కాదు. అయినా కత్తెర పడగానే ఒళ్ళంతా ముడుచుకుంటాయి. చూసేవాళ్ళకి తెలీదు. పట్టుకున్న నా వేళ్ళకి తెలుస్తుంది. ఇంక నావల్ల కాదు."

ఎలుకల్ని ఆనలీస్ లాగా పట్టుకునేవాళ్ళు ఆ సంస్థలో లేరన్నది అందరూ ఒప్పుకునే మాటే. ఆమె వెళ్ళిపోతే ఆ తోకలు ఇంకెవరి చేతిలోనో పడతాయి. నొప్పి మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే పాస్టీ పక్కన పెట్టి ఒక్కటే అడిగాను.

"క్రీము రాశాక ఎంతసేపు ఆగుతారు?"

ఫెర్గస్ మా పశువైద్యుడు, ఆ క్రీము వాక్యం రాసింది అతనే. ఎర్ర గడ్డం, పెద్ద గొంతు. ఆ గడ్డం గోక్కుంటూ కాగితం అటూ ఇటూ తిప్పాడు. "రాయాలి అని రాశాను. ఆగాలి అని రాయలేదే" అన్నాడు.

ఎవరూ విసుక్కోలేదు. పై నెల మళ్ళీ చూద్దామన్నారు. ఆ మర్యాదకి నేను ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

ఆ ప్రశ్న నాది కాదు, మెలె నేర్పింది. మెలె టోంగా దీవుల మనిషి, నా భార్య గ్లెనిస్‌ని ఆఖరి ఏడాది చూసుకున్న నర్సు. అప్పటికి గ్లెనిస్ చేతుల మీద నరం దొరకడం కష్టమైపోయింది. సూది అంటేనే ముఖం గోడవైపు తిప్పుకునేది. మెలె తన డ్యూటీ మొదలవగానే, ఇంకా కోటు కూడా విప్పకుండా, నేరుగా గ్లెనిస్ మంచం దగ్గరికి వచ్చి చేతి మీద మత్తు క్రీము రాసి, పైన పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి వెళ్ళిపోయేది. మిగతా రోగులందర్నీ చూసుకుని తీరిగ్గా తిరిగొచ్చి సూది వేసేది.

"ముందే వచ్చి రాసిపోతావెందుకమ్మా, సూదితో పాటే తెచ్చుకోవచ్చుగా" అన్నాను ఒకసారి.

"క్రీము పని చెయ్యదు నాన్నా. ఆగడం పని చేస్తుంది" అంది మెలె. నాకంటే పాతికేళ్ళు చిన్నది. అయినా వార్డులో ముసలాళ్ళందరినీ నాన్నా అనే పిలిచేది.

గ్లెనిస్ జబ్బు ఆ క్రీముతో తగ్గలేదు. అయినా ఆ రోజుల్లో గ్లెనిస్ పడాల్సిన బాధల్లోంచి ఒక్క బాధని ఎవరో తీసి పక్కన పెట్టారు. ఇంటికి వచ్చాక ఆమె ఆ సంగతే చెప్పేది, మిగతావి చెప్పేది కాదు.

కమిటీ అయిన తర్వాతి వారంలో వెస్నా ఫోన్ చేసింది. "నెవిల్, మీరడిగింది నా బుర్రలోంచి పోవట్లేదు. బుధవారం పొద్దున టీ వేళకి రండి. పొట్టి చేతుల చొక్కా వేసుకోండి."

"ఈ ఆగస్టు చలిలోనా?"

"మీ చెయ్యి కావాలి మరి."

వెళ్తూ దారిలో బేకరీలో కప్ప కేకులు కొన్నాను. ఆకుపచ్చ చక్కెర పూతతో నోరు తెరుచుకుని కూర్చున్న కప్పల్లా ఉంటాయి. గ్లెనిస్‌కి ఇష్టం. ఎవరికైనా ధన్యవాదం చెప్పాలంటే ఆమె అవే పట్టుకెళ్ళేది.

టీ గదిలో వెస్నా, ఫెర్గస్, ఆనలీస్ అప్పటికే చేతులు చాపి కూర్చున్నారు. మధ్యలో మత్తు క్రీము గొట్టం, వంటింటి ప్లాస్టిక్ పొర చుట్ట, కొత్త సూదుల పెట్టె. అందరి ఎడమ చేతుల మీదా వెస్నా క్రీము రాసింది. "ఎలుకలకి ఎలా చేస్తున్నామో అలాగే మొదలెడదాం. రాయగానే. ఎవరు ముందు?"

"వైద్యుణ్ణి, నేనే" అన్నాడు ఫెర్గస్ ఛాతీ విరుచుకుని. ఆనలీస్ సూది తీసింది.

"అమ్మో!"

ఫెర్గస్ కుడి చేతిలో కప్ప కేకు ఎగిరి టీ కప్పులో పడింది.

"ఇంకా గుచ్చలేదయ్యా, ఆనించానంతే!" అంది ఆనలీస్. "పోర్ట్ ఫుట్‌బాల్ జట్టుకి కేకలు వేసే మనిషివి, నొప్పి నీకు అలవాటే అనుకున్నా."

"చూస్తాంగా, మీ క్రోస్ జట్టువాళ్ళు ఫైనల్ దాకా ఏం పీకుతారో."

"కనీసం సెప్టెంబర్లో ఆడతారు. మీవాళ్ళు సోఫాలో కూర్చుని చూస్తారు."

"పిల్లలూ, చెయ్యి కదపకండి" అంది వెస్నా. తను నాకంటే చాలా చిన్నది గానీ మాట పెద్దది. మిగిలిన చేతుల మీద ప్లాస్టిక్ పొర అంటించింది. మళ్ళీ టీ కాచుకున్నాం. ఒంటి చేత్తో కేకులు తిన్నాం. ఫెర్గస్ తన కప్పను చెంచాతో టీలోంచి రక్షించాడు, తల మాత్రం కరిగిపోయింది. వెస్నా వాళ్ళమ్మ ఊరి చేపల పులుసు గురించి చెప్పింది. అలా చాలాసేపు గడిచాక తన చెయ్యి ముందుకు చాపి ముఖం తిప్పుకుంది.

"ఊఁ, గుచ్చు ఆనలీస్."

"గుచ్చాను."

"ఎప్పుడు?"

తర్వాత నా వంతు. సూది దిగడం చూశాను గానీ నాకేమీ తెలియలేదు. గ్లెనిస్ చెయ్యి అలా ఉండేదన్నమాట. అంతవరకూ మెలె మాట నమ్మానే గానీ నా చర్మానికి తెలియదు. నాకు కళ్ళు చెమర్చాయి. ఫెర్గస్ నా వైపు కేకుల పెట్టె తోసి, కిటికీలోంచి కారు పార్కింగు కేసి శ్రద్ధగా చూడసాగాడు.

"మన చర్మం మందం" అన్నాడు కాసేపటికి. "ఎలుకది పల్చన. అంతసేపు అక్కర్లేదు. అయినా కొంతసేపైనా ఆగాలి. ఆగుదాం."

ఆనలీస్ తల అడ్డంగా ఊపింది. "మీరంతా బుద్ధిగా కూర్చున్నారు ఫెర్గస్. ఎలుక కూర్చోదు. రాసి వదిలిన మరుక్షణం వెనక్కి తిరిగి తోక నాకేసుకుంటుంది. అందుకే రాసిన వెంటనే కత్తిరించడం అలవాటు చేసుకున్నాం."

"నాకితే మందు కడుపులోకి పోతుంది. అంత చిన్న ప్రాణానికి అది ఇంకా ముప్పు" అన్నాడు ఫెర్గస్.

"పోనీ నాక్కోకుండా అంతసేపు పట్టుకుంటే?" అన్నాను.

"భయంతో గుండె ఆగుతుంది" అంది ఆనలీస్.

ఎటు చూసినా దారి మూసుకుపోయింది. ఆగితే ఒక బాధ, ఆగకపోతే ఒక బాధ. ఆనలీస్ ప్లాస్టిక్ ముక్కలు ఏరి చెత్తబుట్టలో వేసింది. "మామయ్య ఈ నెలాఖరుకి చెప్పమన్నాడు సార్" అంది, నా ఒక్కడికే వినపడేలా.

వెళ్ళిపోయేముందు ఎలుకల గది చూస్తానన్నాను. కాగితాల మీద ఎంత చదివినా నేను ఆ పని కళ్ళారా చూడలేదు. తలకి టోపీ, మూతికి గుడ్డ, పొడుగు గౌను, బూట్లకి తొడుగులు, గాలి ఊదే చిన్న గది, ఇవన్నీ దాటితే లోపల వెచ్చగా, రంపపు పొట్టు వాసన. బీరువా అరల్లాగా వరసలు వరసలుగా పెట్టెలు. ప్రతి పెట్టెలో కాగితం పీలికలతో కట్టుకున్న గూడు, ఎర్ర ప్లాస్టిక్ ఇల్లు. ఎర్ర రంగు వాటి కంటికి చీకటిలా ఉంటుందట. లోపల దాక్కున్నామనుకుంటాయి, బయటినుంచి మనకి కనపడుతూనే ఉంటాయి.

ఆనలీస్ ఎలుక పిల్లని తోక పట్టి ఎత్తదు. పెట్టెలో ఒక గాజులాంటి గొట్టం పెడుతుంది. పిల్ల దానంతట అదే లోపలికి నడుస్తుంది. గొట్టంతో సహా ఎత్తి అరచేతిలోకి ఒంపుకుంటుంది.

"ఇప్పుడు ఏం చేస్తానో చూడండి. ముందు చెవికి గుర్తు. ఏ చెవికి, ఏ పక్క చిల్లు ఉందో దాన్ని బట్టి పిల్ల నంబరు." కాగితాలకి చిల్లు పెట్టే పంచ్ లాంటి చిన్న పనిముట్టు చెవి అంచున నొక్కింది. టిక్ మంది. పిల్ల ఒక్కసారి తల విదిల్చింది. ఆనలీస్ పనిముట్టుని బల్ల అంచుకి తట్టింది. "తర్వాత క్రీము, తర్వాత తోక..."

బల్ల మీద ఏదో పడింది. ఆవగింజకంటే చిన్నది.

"అదేంటమ్మా?"

"చెవి ముక్క సార్. చిల్లులోంచి వచ్చింది."

"దాన్నేం చేస్తారు?"

"చెత్తలో వేస్తాం."

"దాంట్లో ఆ జన్యువు ఉండదా?"

నిజంగా తెలియకే అడిగాను. భూగోళం మాస్టారికి చెవి వేరు, తోక వేరు. ఆనలీస్ చెయ్యి కత్తెర మీద ఆగిపోయింది. ఆ పూట ఆ పిల్ల తోక కత్తిరించలేదు. దాన్ని గూట్లో వదిలి, గౌను కూడా విప్పకుండా గాజు తలుపు దాకా వచ్చి అవతలున్న వెస్నాని చేత్తో పిలిచింది.

వెస్నా వినగానే ఔననలేదు. ముగ్గురం వరండాలో బెంచీ మీద కూర్చున్నాం.

"ఆ ముక్క సంగతి నాకు తెలియక కాదు" అంది. "చాలాచోట్ల చెవి ముక్కతోనే పరీక్ష చేస్తారు. నాకే భయం. చదువుకునే రోజుల్లో వేరే ఊళ్ళో చెవి ముక్కలతోనే చేశాను. ఒక ఎలుకకి వాడిన పంచ్ తుడవకుండా ఇంకోదానికి వాడాను. ఒకదాని రక్తం ఇంకోదాని ముక్కకి అంటుకుంది. జబ్బున్నవి లేనివిగా, లేనివి ఉన్నవిగా వచ్చాయి. ఏడాది పని మట్టిలో కలిసింది. మా ప్రొఫెసర్ ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది." చేతి మీద సూది గుర్తు రుద్దుకుంది. "తోక ముక్క పెద్దది, తప్పు రాదు అని అప్పట్నించీ దాన్నే పట్టుకున్నాను. ఇప్పుడు ఈ పరిశోధనంతా తోకల మీద నిలబడి ఉంది. చెవి అబద్ధం చెబితే నా దగ్గర ఆ జబ్బు పసిపిల్లల తల్లిదండ్రులకి చెప్పడానికి ఏమీ మిగలదు."

"తుడిస్తే?" అంది ఆనలీస్.

"ప్రతిసారీ తుడవాలి."

"తుడుస్తాను."

"విసుగొచ్చినా?"

"వెస్నా, నేను రోజూ ఎలుకల పెంట ఎత్తే మనిషిని. నాకు విసుగు గురించి చెబుతున్నావా?"

వెస్నా నవ్వింది. అనుమతి ఇంకా చెల్లుతుంది కాబట్టి ఈసారి ఈతలకి తోక ముక్కా చెవి ముక్కా రెండూ పంపి, రెండూ ఒకే మాట చెబుతాయో లేదో చూద్దామంది. చెబితే తోకలకి సెలవు. చెప్పకపోతే పాత పద్ధతే. ఆ షరతు ఆనలీస్‌కి మింగుడు పడలేదు. తోకలు మానాలంటే ముందు తోకలు కత్తిరించాలి. అయినా తనే చేసింది, ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. మామయ్యకి ఫోన్ చేసి ఇంకొన్నాళ్ళు గడువు అడిగింది.

సెప్టెంబరు వచ్చింది. వీధుల్లో వాటిల్ చెట్లు పసుపు పచ్చగా పూశాయి. కమిటీ రేపనగా ఫలితాలు వచ్చాయి. వెస్నా గదిలో అందరం కంప్యూటర్ చుట్టూ మూగాం. తోక ఒకటి, చెవి ఒకటి, జంటలు జంటలుగా చదువుకుంటూ వెళ్ళింది. కలిసింది, కలిసింది, కలిసింది. ఒక చోట ఆగిపోయింది. తోక జవాబు చెప్పింది. చెవి దగ్గర ఖాళీ.

వెస్నా కుర్చీలో వెనక్కి వాలింది. ఆనలీస్ ముఖం పాలిపోయింది. "తుడిచాను. ఒట్టు, ప్రతిసారీ తుడిచాను."

ఫెర్గస్ లేచి వెళ్ళి, ఫ్రిజ్‌లోంచి ఆ పిల్ల నంబరున్న చిన్న పరీక్ష గొట్టం తెచ్చి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. పెద్ద కళ్ళజోడు పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "ఇందులో నీళ్ళు తప్ప ఏమీ లేవు. ముక్క లోపల పడనే లేదు తల్లీ. తుడిచిన గుడ్డకి అంటుకుని పోయుంటుంది. మరీ శుభ్రంగా తుడిచావు!"

అందరం వెస్నా వైపే చూస్తున్నాం. ఆవిడ ఆ ఖాళీ గడిని చాలాసేపు చూసింది.

"తప్పు చెప్పలేదు" అంది చివరికి, తనలో తనే అనుకుంటున్నట్టు. "ఏమీ చెప్పలేదు. ఆ రోజుల్లో నన్ను ముంచింది తప్పు చెప్పిన ముక్క. ఇది అది కాదు." మా వైపు తిరిగింది. "ముక్క గొట్టంలో పడిందో లేదో వెలుగులో చూసుకుని, అప్పుడు పిల్లని వదులు. పడకపోతే రెండో చెవి అడుగు. ఇంక తోకలు వద్దు."

"అడిగితే ఇస్తుందంటావా?" అన్నాడు ఫెర్గస్.

"నువ్వడిగితే ఇవ్వదు" అంది ఆనలీస్. కళ్ళు తుడుచుకుంటూనే తిట్టింది.

మర్నాడు కమిటీలో వెస్నా తోకల భాగం అంతా కొట్టేసి, చెవి ముక్క ఒక్కటే చాలని చెప్పింది. ఇది నొప్పి లేకుండా చెయ్యడం కాదని ఫెర్గస్ ఒప్పుకున్నాడు. చెవికి టిక్ మన్నప్పుడు తల విదిలించడం ఉంటూనే ఉంది. చెవి పల్చన కాబట్టి క్రీము త్వరగా పడుతుందేమో, గొట్టంలోనే కాసేపు ఉంచితే నాక్కోకుండా ఉంటాయేమో, అది వచ్చే నెల చూస్తామన్నాడు. రెండు గాయాలకి బదులు ఒకటి. రెండోది ఇంక లేదు.

"నెవిల్?" అంది అధ్యక్షురాలు.

"సరే" అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. ఆ రోజు పాస్టీలు లేవు, మళ్ళీ ఎండిపోయిన శాండ్‌విచ్‌లే. నా పళ్ళెంలోవి పూర్తిగా తిని, పక్కాయన వదిలేసినవి కూడా తిన్నాను.

గ్లెనిస్‌కి ఇచ్చిన మందు మాకు ఒక వసంతం ఎక్కువ ఇచ్చింది. ఆ వసంతంలో ఆమె పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చునేది. మాగ్పై పిట్టలు వచ్చి రొట్టె ముక్కలు తీసుకుపోయేవి. ఆ మందుకి ముందు ఏ గదిలో ఏ చిట్టెలుక చెవి విదిల్చిందో నాకు తెలియదు, దానికి ధన్యవాదం చెప్పే వీలు కూడా లేదు. ఇక్కడున్నవాటికి చెప్పడం వీలైంది.

ఆ సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే ఆనలీస్ వచ్చి, "ఒక్కసారి చూసి వెళ్ళండి సార్" అంది. మళ్ళీ టోపీ, గౌను, తొడుగులు. కొత్త పద్ధతిలో ఆ మధ్యాహ్నమే మొదటిసారి చెవులకి గుర్తు వేసిన పిల్లలు అవి. చీకటి పడే వేళకి గదిలో దీపాలు వాటంతటవే తగ్గి ఎర్ర వెలుగు మిగిలింది. మనకి పొద్దు గూకితే వాటికి తెల్లవారినట్టు. పెట్టెల్లో సన్నటి గలగలలు మొదలయ్యాయి.

ఒక పిల్ల ఎర్ర ఇంట్లోంచి బయటికొచ్చింది. చెవికి చిన్న చిల్లు, తోక నిండుగా కొస దాకా ఉంది. కాగితం పీలికని నోట కరుచుకుని వెనక్కి నడుస్తూ గూట్లోకి లాక్కుపోయింది. మళ్ళీ వచ్చి ఇంకోటి లాక్కుపోయింది.

"నొప్పి ఉంటే గూడు కట్టవు సార్. ఓ మూల కూర్చుంటాయి" అంది గుసగుసగా.

"మామయ్య ఏమన్నాడు?"

"ద్రాక్ష కోతల్లో శని ఆదివారాలు వస్తానని చెప్పాను. మీ ఎలుకలు నా వైన్ కంటే గొప్పవా అని అలిగాడు."

"నువ్వేమన్నావు?"

"అవి నన్ను నమ్ముతాయి మామయ్యా, నీ వైన్ నమ్మదు అన్నాను."

ఇద్దరం బయటికి వచ్చాం. తలుపు మూసేటప్పుడు ఆ గడియ టప్పుమంటుంది. ఆనలీస్ తన అరచెయ్యి తలుపుకీ చట్రానికీ మధ్య పెట్టి, బరువంతా చేతి మీదే ఆపుకుంటూ, చప్పుడు లేకుండా మెల్లగా మూసింది.